యోగ్యతాపత్రము - సత్యశుద్ధి

జూన్ మాసము వచ్చినదనగా ఉపాధ్యాయుని ఇంటి ముంగిట చెప్పుల జతలు పెరుగును. కొందరు బడిలో ప్రవేశమును గూర్చి వత్తురు, కొందరు పాత పుస్తకముల కొరకు వత్తురు. డిగ్రీ ముగించి, ఇండ్లలో పిల్లలకు పాఠములు చెప్పుకొని నాలుగు రూకలు సంపాదింపదలచిన యువతీయువకులు మాత్రము వేరొక పని మీద వత్తురు. తమను గూర్చి రెండు మాటలు వ్రాసి సంతకము చేసి ఇమ్మందురు. ఒక కాగితము నడవడిని గూర్చి, మరియొకటి చేసిన పనిని గూర్చి. ట్యూషన్ మాస్టారును కుదుర్చుకొను తల్లిదండ్రులలో కొందరును, మాస్టర్లను ఇండ్లకు పంపు సంస్థలును, కొన్ని విద్యార్థి నిలయములును ఇట్టి కాగితములను అడుగుచున్నవి.

ఇది చిన్న పనియని చాల కాలము నేనును తలచితిని. పాతికేండ్లకు పైబడిన ఉద్యోగములో అట్టి కాగితములు ఎన్ని వ్రాసితినో లెక్క లేదు. వానిలో ఒక్కటి మాత్రము నన్ను నేటికిని వెంటాడుచున్నది. దానిని గూర్చి చెప్పిన పిమ్మటగాని శరణుల మాట ఎత్తుటకు నాకు అర్హత కలుగదు. కావున ముందుగా దానినే చెప్పుచున్నాను.

అది 2011వ సంవత్సరము. మన సమాజమునకు చెందిన ఒక పెద్దమనిషి తన కుమారుని వెంటబెట్టుకొని సాయంకాలము మా ఇంటికి వచ్చెను. ఆ యువకుడు గణితము ప్రధానముగా డిగ్రీ ముగించినవాడు. నొసట విభూతి, మెడలో లింగము, నోట మెత్తని మాట. ఊరిలో ఒక కుటుంబము వారు తమ పిల్లలకు ఇంటికి వచ్చి చెప్పు మాస్టారును వెదకుచున్నారట. ఎవరైనను పెద్దవారు వ్రాసి ఇచ్చినచో కుదుర్చుకొందుమనిరట. "మనోడే గద సార్, మీరు కాకుంటే ఎవరు రాస్తరు?" అని తండ్రి అడిగెను. మా ఇంటిలో చాయ్ త్రాగునంతలో నేను కాగితము ముగించితిని. ఇతనిని బాల్యము నుండి ఎరుగుదుననియు, సౌమ్యుడు, సహనశీలి అనియు, రెండేండ్లు పిల్లలకు పాఠము చెప్పిన అనుభవము కలవాడనియు వ్రాసి, హోదా వ్రాసి, సంతకము చేసితిని.

నిజమేమి? బసవ జయంతి ఊరేగింపులలో నేనతనిని మూడు నాలుగు మారులు చూచితిని. అంతియే. అతని బాల్యము నాకు తెలియదు. అతని సహనమును నేనెన్నడును పరీక్షింపలేదు. రెండేండ్ల అనుభవమనునది ఆ తండ్రి నోటి మాట. మూడు వాక్యములు వ్రాసితిని, మూడును అసత్యములు. చిత్రమేమనగా, వ్రాయునపుడు వానిలో ఒక్కటియు నాకు అసత్యమని తోచలేదు. ఉపకారము చేయుచున్నానని తృప్తి కలిగినది!

నాలుగు మాసములు గడచినవి. ఒక మధ్యాహ్నము బడి విడిచిపెట్టిన పిమ్మట ఆ పిల్లల తల్లి నన్ను చూడవచ్చెను. నాలుగవ తరగతి చదువు కుమారుడు ఎక్కము తప్పినపుడెల్ల ఆ మాస్టారు చెక్క స్కేలుతో వ్రేళ్ల కణుపుల మీద కొట్టెడివాడట. ఒక గోరు నల్లబడినది. అది మానునులెమ్మని వారు ఊరకుండిరి. కాని పిల్లవాని మాట తడబడుట మొదలైనది. సాయంకాలము అయిదు గంటలగుసరికి పాయిఖానాలో దాగుకొని గడియ పెట్టుకొనుచుండెనట. ఆమె తన సంచిలో నుండి నా కాగితమును తీసెను. దానిని ప్లాస్టిక్ పొర వేయించి భద్రపరచుకొనిరి. "ఆయన ఎట్లాంటోడో మాకెట్ల తెలుస్తది సార్? మీ సంతకం చూసే తలుపు తీసినం" అనెను. తిట్టలేదు, ఏడ్వలేదు. మంచినీళ్లిచ్చిన త్రాగలేదు. ఆ కాగితమును తిరిగి సంచిలో పెట్టుకొని వెళ్లిపోయెను. దానిని నాకిమ్మని అడుగుటకు నాకు నోరు రాలేదు.

ఆనాటి నుండి నా మనస్సున మెదలుచున్న ప్రశ్న ఇది. ఒక మనిషి శీలమును గూర్చి మరియొక మనిషి సాక్ష్యము చెప్పుట సాధ్యమేనా? సాధ్యమైనచో ఎంతవరకు?

మన ధర్మమున ఈ ప్రశ్నకు తావు కలదు. బసవన్న ఒక్క వచనములోనే ఏడు నిషేధములను చెప్పి, అంతరంగశుద్ధియు బహిరంగశుద్ధియు అదియే అని తేల్చెను. ఆ వచనమును మన ఇండ్లలో పిల్లలు సైతము వల్లింతురు. ఆ ఏడింటిలో మూడు ఈ యోగ్యతాపత్రమునకు నేరుగా సంబంధించినవి. అసత్యమాడుట, తన్ను తాను పొగడుకొనుట, ఎదుటివారిని నిందించుట అనునవి ఆ మూడు. ఆత్మస్తుతి చేసికొనరాదు గనుకనే ఉద్యోగార్థి తన మంచిని తాను చెప్పుకొనలేక మరియొకరి నోటిని ఆశ్రయించుచున్నాడు. ఇది న్యాయమైన కోరికయే. కాని ఆ మరియొకడు అసత్యమాడరాదు. అసత్యమాడకుండ ఉన్నది ఉన్నట్లు చెప్పబోయినచో నింద అగునేమో అను భయము. ఒక చిన్న కాగితము మీద మూడు నిషేధములు ఒకదానినొకటి ఒరసికొనుచున్నవి.

మనలో పెక్కుమంది ఈ ఒరపిడిని ఎట్లు దాటుచున్నారు? పొగడ్తను అసత్యముగా లెక్కింపకుండుట ద్వారా దాటుచున్నారు. పెండ్లి సంబంధములలో పిల్లవాని గుణములను పెంచి చెప్పుట, పురాణ ప్రసంగములలో దాతలను కర్ణునితో పోల్చుట మనకు అలవాటు. ఎవరికి నష్టమని అడుగుదుము. నేనును ఆ అలవాటుతోనే వ్రాసితిని. కాని యోగ్యతాపత్రము సన్మానపత్రము కాదు. సన్మానపత్రమును ఎవరి ఎదుట చదువుదుమో వారి కొరకే వ్రాయుదుము. యోగ్యతాపత్రమును మాత్రము ఎదుట కూర్చున్నవాడు అడుగును, ఎదుట లేనివాడు నమ్మును. నా ఎదుట యువకుడు ఉండెను, అతని తండ్రి ఉండెను, చాయ్ ఉండెను. నా దాక్షిణ్యమంతయు వారికే దక్కినది. నాలుగవ తరగతి బాలుడు నా ఎదుట లేడు. అతని పేరైనను నాకు తెలియదు. ఆ కాగితము వలన మేలుగాని కీడుగాని పొందవలసినవాడు అతడొక్కడే.

దాసోహము సంగతి కూడ ఇచట ఆలోచింపవలెను. అడిగినవానికి లేదనకుండుట శరణుల లక్షణము గదా, రెండు మాటలు వ్రాసి ఇచ్చుటలో పిసినారితనమెందుకని ఒక మిత్రుడు నాతో వాదించెను. దాసోహమున మనము ఇచ్చునది మన కాయకము చేత ఆర్జించినది. ఎరుగని శీలమును ఎరుగుదునని వ్రాసి ఇచ్చినపుడు నేనిచ్చినది నా ఆర్జితము కాదు. ఒక తల్లి నమ్మకమును, ఒక బిడ్డ క్షేమమును ఎత్తి మరియొకరికి దానము చేసితిని. ఆయ్దక్కి మారయ్య కథ ఎల్లరు ఎరిగినదే. నాటి కూటికి చాలినంత బియ్యపు గింజలనే ఏరుకొని తెచ్చు మారయ్య ఒకనాడు అధికముగా తెచ్చినపుడు లక్కమ్మ దానిని వండుటకు నిరాకరించి, తిరిగి పోసి రమ్మని పంపెను. ఆర్జితమునకు మించిన పొగడ్త కూడ అట్టి అధిక తండులమే. అది పుచ్చుకొన్న యువకుని ఇంట లక్కమ్మ వంటి వారు ఉండిన, ఆనాడే ఆ కాగితమును నాకు త్రిప్పి పంపియుందురు.

ఇంతకును ఒకని శీలము మనకెట్లు తెలియును? నేను విభూతిని చూచి వ్రాసితిని. ఈ మాట మన పత్రికలో వ్రాయుటకు కొంత సంకోచించితిని గాని, వ్రాయక తప్పదు. ఇష్టలింగము ధరించినవానికిని శివునకును నడుమనున్న సంబంధమది. అది అతనికి సాధన. నాకు సంతకము పెట్టుకొనుటకు ఆధారము కాదు. వేషమును చూచి భక్తిని నిర్ణయించువారిని శరణులు తమ వచనములలో ఎంత తీవ్రముగా ఆక్షేపించిరో చదివినవారికి తెలియును. లాంఛనమును చూచి నమస్కరింపవలెను. నమస్కారమునకు సర్టిఫికెట్ అక్కరలేదు. కాని పరుల బిడ్డకు ఎదుట కూర్చుండబెట్టుటకు నమస్కారము చాలదు.

శరణులు మనిషిని కాయకము చేత గుర్తించిరి. వారి పేర్లనే చూడుడు. అంబిగర చౌడయ్య పడవ నడుపువాడు, మడివాళ మాచయ్య బట్టలుతుకువాడు, నులియ చందయ్య త్రాళ్లు పేనువాడు, మోళిగె మారయ్య కట్టెలమ్మువాడు. పేరునకు ముందే పని నిలిచియున్నది. ఈ కాలపు మాటలో చెప్పినచో వారి పని యోగ్యతాపత్రము వారి పేరులోనే కలదు. వీరిలో ఎవనిని గూర్చియు "ఉత్తమ శీలుడు" అని విడిగా వ్రాయవలసిన పని పడలేదు. రోజూ నలుగురు చూచుచుండగా చేసిన పని అది. త్రాడు తెగినచో తెలియును, పడవ మునిగినచో తెలియును. నడవడి పత్రము వేరు, పని పత్రము వేరు అని సంస్థలు రెండు కాగితములు అడుగుచున్నవి గాని, నా అనుభవమున మొదటిదానిని రెండవదాని నుండి తప్ప తెలిసికొను మార్గము లేదు. అతడు పిల్లలతో పనిచేయగా చూచితినా? విసుగు వచ్చినపుడు ఏమి చేసెను? డబ్బు చేతికిచ్చినపుడు లెక్క చెప్పెనా? ఇవి చూచినచో శీలమును గూర్చి నాలుగు మాటలు వ్రాయవచ్చును. చూడనిచో వ్రాయుటకు ఏమియు లేదు.

బసవన్న జీవితములోనే దీనికి ఉదాహరణము కలదు. మేనమామ బలదేవ దండనాయకుని తరువాత బిజ్జలుని కొలువులో ఆ స్థానము బసవన్నకు లభించెను. బంధుత్వము ద్వారము తెరచినది, కాదనలేము. కాని ఆ పదవిలో నిలుచుటకు బంధుత్వము పనికిరాలేదు. రాజధనమును జంగములకు ధారపోయుచున్నాడని కొండెగాండ్రు బిజ్జలునకు చెప్పినపుడు బసవన్న తన శీలమునకు సాక్షులను పిలువలేదు. భాండారమును తెరచి లెక్కించుకొమ్మనెను. లెక్క సరిపోయెను. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున దీనిని మహిమగా వర్ణించెను. భక్తులు దానిని మహిమగానే చదువుదురు గాక. లెక్కలు చెప్పు ఉపాధ్యాయునిగా నాకు అందులో మరియొకటి కనబడుచున్నది. నింద వచ్చినపుడు మాటకు మాట కాక, లెక్క నిలిచినది.

చూచినది మాత్రమే వ్రాయవలెననునది నేను గ్రంథములలో చదివి నేర్చితినని చెప్పుకొనలేను. నన్ను నిజముగా కూర్చుండబెట్టి వ్రాయించినది ఇంగ్లండు నుండి వచ్చిన ఒక ప్రశ్నాపత్రము. నా పూర్వ విద్యార్థి ఒకడు పై చదువునకు అచటికి పోయి, ఖాళీ వేళల పిల్లలకు గణితము చెప్పుటకు ఒక ట్యూషన్ సంస్థకు దరఖాస్తు పెట్టుకొని, నా పేరిచ్చెను. ఆ సంస్థ వారు అతని చేతికి ఏమియు ఇయ్యక నేరుగా నాకే ఈమెయిలు పంపిరి. ఇతనిని ఎంత కాలముగా, ఏ హోదాలో ఎరుగుదురు? బంధుత్వము కలదా? పిల్లలతో మెలగగా మీరు స్వయముగా చూచితిరా? ఇతడు పిల్లలతో పనిచేయరాదనుటకు మీకు తెలిసిన కారణమేదైనను కలదా? ఇట్టి ప్రశ్నలు వరుసగా కలవు. ఆ చివరి ప్రశ్న ఎదుట నేను చాల సేపు ఆగితిని. మన కాగితములలో అది ఎన్నడును ఉండదు. మనము మంచిని మాత్రమే అడుగుదుము. చెడును అడుగనందున, చెప్పనివాడు అసత్యమాడినవాడు కాడు. వారు అడిగిరి గనుక, మౌనము కూడ ఒక జవాబు అగుచున్నది.

అంత నిక్కచ్చిగా అడుగుటకు వారికి కారణము కలదు. 2002 ఆగస్టులో అచటి సోహం అను చిన్న పట్టణమున పదేండ్ల బాలికలు ఇద్దరు హత్యగావింపబడిరి. నేరస్థుడు ఒక పాఠశాలలో భవన సంరక్షణ చూచు ఉద్యోగి. అంతకు పూర్వము అతనిపై వచ్చిన ఆరోపణలు వేరొక ప్రాంతపు పోలీసులకు తెలియును. అతనిని ఉద్యోగమున చేర్చుకొన్న పాఠశాలకు ఆ సంగతి చేరలేదు. 2004లో బిచర్డ్ విచారణ సంఘము ఈ లోపములను బయటపెట్టినది. పిల్లలతో పనిచేయువారిని పరిశీలించుటకై 2006లో ఒక చట్టము వచ్చినది. 2012 నుండి అందుకొరకే ఒక ప్రత్యేక సంస్థ పనిచేయుచున్నది. ఇద్దరు బిడ్డలు పోయిన తరువాత పుట్టిన ప్రశ్న అది. దానిని పరదేశపు ఆర్భాటమని తీసివేయరాదు.

మన దేశమున చట్టములు లేవా అనిన, కలవు. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో పిల్లలను కొట్టుటను, మనస్సు నొప్పించుటను నిషేధించినది. ఉపాధ్యాయులు ప్రైవేటుగా ట్యూషన్లు చెప్పరాదని కూడ ఆ చట్టమే చెప్పినది. అందువలననే ట్యూషన్ కోరువారు మమ్ము అడుగక, మా చేత సంతకములు కోరుచున్నారు! 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ కేంద్రములకు మార్గదర్శకములను విడుదల చేసినది. పట్టభద్రులు కానివారిని, నైతిక పతనమునకు సంబంధించిన నేరమున శిక్షపడినవారిని బోధకులుగా పెట్టుకొనరాదని అందు కలదు. కాని అవి 50 మందికి మించిన విద్యార్థులున్న కేంద్రములకు వర్తించునవి. ఒక ఇంటికి వచ్చి, ఒక గదిలో ఒకరిద్దరు పిల్లలకు చెప్పు మాస్టారు ఆ లెక్కలోనికి రాడు. పోలీసుల విచారణ పత్రము తెప్పించుకొన్నను, నమోదైన కేసులు తెలియునే గాని చెక్క స్కేలు సంగతి తెలియదు. ఆ ఇంటి తలుపునకు మన సంతకము తప్ప వేరు కావలి లేదు.

ఇక అన్నిటికంటె కఠినమైన చోటికి వత్తుము. అడిగినవాడు అనర్హుడని మనకు తెలిసినపుడు ఏమి చేయవలెను? పరనింద కూడదను బోధను అడ్డుపెట్టుకొని మంచిమాటలు వ్రాసి పంపువారు కొందరు. ఏమియు తెలియనట్లు నటించువారు కొందరు. నింద అనగా ఏమో ఇచట విడదీసి చూడవలెను. కోపముతోగాని, ఓర్వలేనితనముతోగాని, అరుగుల మీద కాలక్షేపమునకుగాని ఒకని దోషములను ఎన్నుట నింద. దానివలన వినువానికి ఏ మేలును లేదు, చెప్పువాని నాలుకకు మాత్రము రుచి. ఆ దోషము తగులబోవు బిడ్డ ఒకడున్నపుడు, అడిగినవారికి, చూచినంతవరకు చెప్పుట నింద కాదు. వినికిడి మాటలను చేర్చినచో తిరిగి నింద అగును. కావున నేను పెట్టుకొన్న కట్టుబాటు ఇది. అనర్హుడని నాకు తెలిసినవానికి కాగితము వ్రాయను. వ్రాయనని, ఎందుకు వ్రాయనో అతని మొగముననే చెప్పుదును. నలుగురికి చెప్పను. అతనిని కుదుర్చుకొనదలచినవారు నన్ను అడిగినపుడు మాత్రము దాచను. పిల్లలపై లైంగికమైన అత్యాచారము సంగతి అయినచో ఇక నా ఇష్టాయిష్టములకు తావే లేదు. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము తెలిసినవాడు పోలీసులకు తెలుపుట విధి, తెలుపకుండుట నేరము. అట్టి చోట "మన సమాజపు పరువు" అను మాట ఎత్తువారిని నేను చూచితిని. బిడ్డ కంటె పరువు పెద్దదని ఏ శరణుడును చెప్పలేదు.

మొగముననే చెప్పుదునని వ్రాసితిని గాని అది సులభము కాదు. ఒక బంధువు నాతో మాటలు మానెను. మఠములో పంక్తిభోజనమునకు కూర్చున్నపుడు నా ప్రక్క విస్తరి నుండి లేచి వేరొక చోట కూర్చుండెను. వాని కోపము న్యాయమో కాదో గాని, నా కట్టుబాటునకు వెల అది.

ఇంత జాగ్రత్త పడినచో మరియొక అన్యాయము జరుగునను మాటయు నిజమే. పెద్దల పరిచయము లేని బీద పిల్లలకు వ్రాసి ఇచ్చువారెవరు? గెజిటెడ్ అధికారి మేనమామ అయినవానికి పది కాగితములు దొరకును. కూలివాని కుమార్తెకు ఒక్కటి దొరకదు. ఆమె శీలమునకు ఏ లోపము లేదు, సాక్షికి మాత్రమే లోపము. కల్యాణమునకు నానా దేశముల నుండి శరణులు వచ్చిరి. వారి చేత ఏ లేఖలును లేవు. అక్కమహాదేవి ఒంటరిగా, రాజగృహమును విడిచి నడచివచ్చినపుడు ఆమె కొరకు పలుకువారు ఎవరుండిరి? అనుభవ మంటపమున అల్లమప్రభువు ఆమెను ద్వారముననే నిలిపి కఠినమైన ప్రశ్నలు వేసెనని శూన్యసంపాదన చెప్పుచున్నది. పరుల మాటను బట్టి త్రోసివేయలేదు, పరుల మాటను బట్టి లోనికి రమ్మనలేదు. ఆమెనే అడిగిరి, ఆమె జవాబులనే విని అక్కగా అంగీకరించిరి. తెరచిన తలుపు వేరు, పరీక్షింపని తలుపు వేరు. తలుపు తెరచియుండుటయు, అడుగుటయు అచట కలిసియే యున్నవి.

కావున పరిచయము లేని పిల్లలు వచ్చినపుడు వ్రాయనని పంపివేయుట నాకు సమ్మతము కాదు. ఎరుగనిచో ఎరుగుటకు పూనుకొనవలెను. పది దినములు మా వీధి పిల్లలకు నా ఎదుట పాఠము చెప్పుమని అడుగుదును. కొందరు మరల రారు. వచ్చినవారిని గూర్చి వ్రాయుటకు నాకు పదార్థము దొరకును. మన మఠములు ఈ పనిని నాకంటె చక్కగా చేయగలవు. తుమకూరు సిద్ధగంగా మఠమున వేలాది పిల్లలకు కులమత భేదము లేక అన్నము, ఆశ్రయము, విద్య లభించుచున్నవి. 2019 జనవరి 21న 111 ఏండ్ల వయస్సున లింగైక్యులైన శివకుమార స్వామివారు అట్టి పిల్లల నడుమనే తమ జీవితమును గడపిరి. అంత పెద్దవి కాకున్నను మన ప్రాంతమునను మఠములకు అనుబంధముగా విద్యార్థి నిలయములు కలవు. సాయంకాలపు చదువు చూచుటకు అచట యువకులకు అవకాశమిచ్చి, పెద్దలు గమనించినచో, ఆ తరువాత మఠము ఇచ్చు పత్రమునకు విలువ ఉండును. స్వామివారి సంతకమునకు నా సంతకము కంటె నూరు రెట్లు బరువు. భక్తులు ప్రశ్నింపరు. ప్రశ్నింపరు గనుకనే దర్శనమునకు వచ్చినవాడు విభూతి పెట్టించుకొని, పాదములంటి, వెంటనే చాచిన కాగితము మీద సంతకము చేయవద్దని స్వాములవారికి ఒక పంతులు సవినయముగా విన్నవించుకొనుట తప్పు కాదనుకొందును.

ఆ 2011 నాటి యువకుని సంగతి ఏమయ్యెనని చదువరులు అడుగవచ్చును. ఆ ఇల్లు విడిచిన తరువాత అతడు కొన్నేండ్లు నాకు కనబడలేదు. 2016లో మరల వచ్చెను, ఈ మారు ఒంటరిగా. ఒక కంప్యూటర్ల దుకాణమున లెక్కలు చూచు పని కొరకు పత్రము కావలెనట. నేను చేతిలో కలము పట్టుకొనక, ఆ పిల్లవాని వ్రేళ్లను గూర్చి అడిగితిని. అతడు తల వంచుకొని, "నన్ను మా నాయన గట్లనే కొట్టి నేర్పిండు సార్, నాకు వేరే తెల్వది" అనెను. ఆ మాటకు నాయొద్ద జవాబు లేకపోయినది. అప్పటికి రెండేండ్లుగా అతడు మన సంఘపు చందా పుస్తకమును వ్రాయుచుండెను. ఆ పుస్తకమును నేను స్వయముగా తనిఖీ చేసియుంటిని, పైస తేడా లేదు. అంతవరకు వ్రాసి ఇచ్చితిని. పిల్లలను గూర్చి ఒక్క మాటయు వ్రాయలేదు. అతడును అడుగలేదు. నేటికిని అదే దుకాణమున ఉన్నాడు. ఒక పనికి తగనివాడు అన్ని పనులకును తగనివాడు కాడు గదా. మనిషికి కాక పనికి వ్రాయవలెనని అతనివలననే నాకు తెలిసినది.

ఆ బాలుడిప్పుడు పెద్దవాడైనాడు. సంతలో ఎదురైనపుడు చేతులు జోడించి "శరణు సార్" అనును. మాట స్పష్టముగానే వచ్చును. "సార్" అనుచోట ఒక్కొక్కమారు కొంచెము ఆగినట్లు నాకు తోచును. అది నా భ్రమయో, నిజమో.

ఈ సంవత్సరము జూన్‌లో మడివాళ కుటుంబమునకు చెందిన ఒక అమ్మాయి వచ్చెను. సైన్సులో డిగ్రీ చేసినది. తండ్రి ఇస్త్రీ బండి పెట్టుకొనియున్నాడు. మా వీధి పిల్లలకు పది దినములు కాదు, వేసవి అంతయు మఠము వసారాలో పాఠము చెప్పినది. నేను పండ్రెండు దినములు వెనుక కూర్చుండి చూచితిని. ఆ పండ్రెండు దినములనే లెక్కగా వ్రాసితిని. భిన్నములు తెలియని పిల్లకు రొట్టె త్రుంచి చూపినదనియు, అల్లరి చేసిన పిల్లవానిని గద్దింపక తన ప్రక్కన కూర్చుండబెట్టుకొన్నదనియు, ఆంగ్లము చెప్పుటలో ఇంకను తడబాటు కలదనియు, పల్లె నుండి వచ్చు బస్సు వలన మూడు మారులు పావుగంట ఆలస్యముగా వచ్చినదనియు వ్రాసితిని. నేను వ్రాసినది ఎవరిని గూర్చియో వారికి చూపకుండ పంపుట నాకు అలవాటు లేదు. కావున ఆమెకు చదువుమని ఇచ్చితిని.

ఆమె చివరి వాక్యము వద్ద ఆగి, "బస్సు సంగతి కూడ రాయాల్నా సార్?" అని అడిగెను.

"అబద్ధమా అమ్మా?" అని అడిగితిని. కాదనెను. మరి కొంచెము సేపు కాగితమును చూచి, మడిచి, పుస్తకములో పెట్టుకొని పోయెను. ఇయ్యక చింపివేయునేమో అని నాకు అనుమానము కలిగినది.

నాలుగు దినముల తరువాత ఆ ఇంటి యజమాని నాకు ఫోను చేసెను. పొగడ్తలను గూర్చి ఆయన ఏమియు అడుగలేదు. ఆ పల్లె బస్సు సాయంత్రము సరిగా ఎన్ని గంటలకు వచ్చునని అడిగెను. అయిదుంబావునకని చెప్పితిని. "అట్లయితే అయిదున్నరకు పెట్టుకుంటం సార్" అని ఫోను పెట్టివేసెను.